మౌనిక దరఖాస్తులో మొదటి వాక్యం

2018 ఎండాకాలం. ఆలేరు స్టేషన్ రోడ్డులో నా ఇంటర్నెట్ సెంటర్‌కు అప్పటికే మంచి గిరాకీ. నేను చదివింది తొమ్మిది వరకే. పదో తరగతి నా ముఖం చూడలేదు, నేనూ దాని ముఖం చూడలేదు. అయినా ఈ మండలంలో పెద్ద చదువులకు పోయిన పిల్లలు చాలామంది నా బల్ల దాటి పోయినవాళ్లే.

కొన్ని కాలేజీలు మార్కులతో పాటు ఒక పేజీ కూడా రాసిమ్మంటాయి. నువ్వెవరు, నీకు ఈ చదువే ఎందుకు కావాలి అని. దాన్ని పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. నా దగ్గర దానికొక టెంప్లేట్ ఉండేది, అంటే ముందే రాసిపెట్టుకున్న అచ్చు. ‘చిన్నప్పటి నుంచీ నాకు ఫలానా అంటే ప్రాణం’ అని మొదలవుతుంది. ఫలానా మారిస్తే చాలు. ఒకసారి చేపల పెంపకం కోర్సుకు రాసింది మార్చడం మరిచిపోతే, నర్సింగ్‌కు పెట్టుకున్న పిల్లకు చేపలంటే ప్రాణమైంది. బజార్లో ఎదురుపడితే ఆమె ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది.

ఒక సాయంత్రం మౌనిక వచ్చింది, వెంట తండ్రి అంజయ్య. ఒకప్పుడు చీరలు నేసిన మనిషి, ఇప్పుడు పెట్రోలు బంకులో పని. చేనేత డిజైన్ నేర్పే ఒక కాలేజీకి ఆ పిల్ల దరఖాస్తు చేసుకుంటోంది. ఆ రోజే ఆఖరు తేదీ. సీటు రాకపోతే హైదరాబాదులో చీరల షాపులో అమ్మే పని మాట్లాడిపెట్టారట. చీరకు రంగులు ఆలోచించాల్సిన పిల్ల, ఎవరో ఆలోచించిన చీరలు మడతలు పెట్టుకుంటూ ఉండిపోతుందన్నమాట.

నేను టెంప్లేట్ తెరిచి, ఫలానా దగ్గర ‘చేనేత’ అని కొట్టి, తెలుగులో అర్థం చెబుతూ గొప్పగా చదివి వినిపించాను. అంజయ్య మొత్తం విని అడిగాడు:

"మంచిగుంది. గీ పిల్ల ఎవ్వలు?"

"నీ బిడ్డనే మామా."

"మా పిల్ల గిట్ల మాట్లాడదే."

అప్పుడే బల్ల కింద నుంచి టక్, టక్ అని చప్పుడు. వంగి చూస్తే అంజయ్య కాళ్లు ఒకటి మార్చి ఒకటి కదులుతున్నాయి, నా కాగితాల అట్టపెట్టెలకు తగులుతున్నాయి.

"ఏంది మామా, కుర్చీల కూసోని బస్సు నడుపుతున్నవా?" అన్నాను.

ఆయన తన కాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"మగ్గం అమ్మి మూడేండ్లాయె కొడుకా. గా ముచ్చట వీటికింకా చెప్పలే."

నేను పకపకా నవ్వాను. మౌనిక నవ్వలేదు. తల వంచుకునే మెల్లగా చెప్పింది. మగ్గం పోయినా, కాళ్లు దింపి కూర్చుని మగ్గం తొక్కే గుంత ఇంట్లో అట్లాగే ఉందట. దాన్ని పూడ్చి మంచం వేసుకుందామని తల్లి ఎన్నిసార్లు పోరినా తండ్రి ఒప్పుకోడట. పొద్దున్నే ఆ గుంతలో కాళ్లు వేలాడేసుకుని చాయ్ తాగుతాడట.

"నాయిన గాడ కూసుంటే మగ్గమున్నట్టే అనిపిస్తదన్నా. లేచినంక మల్ల ఉండదు," అంది.

నేను కీబోర్డు ఆమె వైపు జరిపాను. "గిదే రాయి చెల్లె. గీ టెంప్లేట్ సంగతి నేను చూస్కుంట."

ఆ పిల్ల తనకొచ్చిన ఇంగ్లిషులోనే రాసింది. మా నాయిన మగ్గం అమ్మాడు గానీ ఆ సంగతి కాళ్లకు ఇంకా చెప్పలేదు అని మొదలుపెట్టింది. ఆ గుంత మీద మళ్లీ మగ్గం నిలబెట్టాలి, నేను గీసిన పువ్వును నాయిన నెయ్యాలి అని ముగించింది. నేను చేసిందల్లా అప్‌లోడ్ నొక్కడమే. బడి మానేసిన రోజు నన్ను కూడా ఎవరైనా నువ్వెవరని అడిగి ఉంటే, నాకు ఒక పేజీ చాలేది కాదేమో అనిపించింది.

సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు ఆ గుంత గురించే అడిగారట.

దరఖాస్తు పంపిన రాత్రే టెంప్లేట్ తీసిపారేశాను. ఇప్పుడు ఎవరైనా ఆ పేజీ కోసం వస్తే నేను పిల్లల్ని ముందు అడగను, వెంట వచ్చినవాళ్లను అడుగుతాను. తన గురించి రాయమంటే ఎవరైనా ఎక్కడో విన్న గొప్ప మాటలే రాస్తారు. ఇంట్లోవాళ్లు నవ్వుతూ అనేసిన మాటలో మాత్రం మనిషి దొరుకుతాడు. తొమ్మిదో తరగతి దాకా నాకెవరూ చెప్పని పాఠం ఇది.

మౌనిక హాస్టలుకు పోయాక అంజయ్య అప్పుడప్పుడు ఫోన్ రీచార్జ్ పేరు చెప్పి వస్తాడు. రీచార్జ్ అయ్యాక కూడా లేవడు. "గా పిల్ల రాసింది ఒకపారి సదువు," అంటాడు. నా ఇంగ్లిషు అంతంతే గానీ, ఆ పేజీ నాకు కంఠతా వచ్చేసింది. నేను తెలుగులో చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని వింటాడు.

బల్ల కింది అట్టపెట్టెలు తీసేశాను. ఆయన కాళ్లకు జాగా కావాలి.