చేను అంచున వంగిన మనిషి

2019 వానాకాలం. దినపత్రికలో పాతికేళ్లు ఫోటోల డెస్కు చూసి బయటికొచ్చాక, మొయినాబాద్‌లో పటాలు కట్టే దుకాణం పెట్టాను. గండిపేట వైపు కొత్త ఇళ్లవాళ్లే ఎక్కువగా వచ్చేవారు.

ఆ రోజు షాబాద్ దారిలోని ఊరి నుంచి శాంతమ్మ అవ్వ వచ్చింది. సంచిలోంచి పాత క్యాలెండర్ కాగితం తీసింది. ఎవరో డెన్మార్క్ చిత్రకారుడు వేసిన బొమ్మ. కోతకొచ్చిన చేను, కొడవళ్లు పట్టిన జనం, పైన విశాలమైన ఆకాశం. మిషన్ బడిలో పనిచేసిన విదేశీ టీచరు వెళ్లిపోతూ ఇచ్చిందట.

"చెద పట్టింది బిడ్డా. అద్దం బిగించు, జర పైలం," అంది.

కుడి అంచు చెద తిన్నది. అక్కడెవరో వంగి ఉన్నారు, ముఖం కూడా కనబడదు. వార్తా ఫోటోలో అక్కర్లేని అంచు తీసేయడాన్ని క్రాప్ అంటాం. ఆ అలవాటుతోనే రెండు వేళ్ల వెడల్పు కోసేశాను. చుట్టూ మౌంట్, అంటే బొమ్మ అంచుల మీద వేసే దళసరి అట్ట, పెట్టి బిగించాను. చక్కగా కుదిరిందనుకున్నాను.

మర్నాడు అవ్వ పటం అందుకుని అంచు దగ్గరే వెతికింది.

"మా అమ్మేది?"

నాకు అర్థం కాలేదు.

"గీడ వంగి పరిగె, కోతల రాలిన కంకులు, ఏరేటామె ఉండె గద! మా అమ్మది ఒక్క ఫోటో లేదు. నడుం అచ్చం గట్లనే. ఇన్నేండ్ల సంది ఆమెనే మా అమ్మ అని చూసుకుంటున్న. పేపర్ల పనిచేసినవంట, కండ్లు కనవడయా?"

చెత్తబుట్ట కుమ్మరించాను. అదృష్టం, ఆ ముక్క ఉంది. పటం విప్పి, మైదా జిగురు కాచి, వెనక పల్చటి కాగితం వేసి అతికించి మళ్లీ బిగించాను. ఎంత చేసినా అతుకు గీత పోలేదు.

"తప్పు నాదే అవ్వా. గీత కనబడుతోంది."

అవ్వ ఆ గీతను వేలితో నిమిరింది. "ఉండనియ్. గట్టు లెక్కున్నది. పటేలు పంట ఎత్తేదాంక పరిగె ఏరేటోళ్లు గట్టు అవుతలనే నిలవడాలె. మా అమ్మ నన్ను సంకనెత్తుకొని గట్లనే నిలవడేది." పటం సంచిలో పెట్టుకుంటూ అంది: "గా పటేలు చెల్క ప్లాట్లాయె. ఇగ గట్టు గీ పటంలనే ఉన్నది."

అప్పటినుంచి కత్తి పట్టే ముందు ఎవరు వచ్చినా ఒకటే అడుగుతున్నాను: "ఇందులో మీవాళ్లెవరు?"