కరెంటు బాగున్న రోజు

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారీ చదివేవాణ్ణే గానీ, వానలకు బడి కప్పు కూలి సెలవులిచ్చారు. సెలవులు అయిపోయాయి, కప్పు మళ్ళీ వేశారు. నేను మాత్రం వెనక్కి వెళ్ళడం మరిచిపోయాను. ఆ సెలవుల్లో కాలక్షేపానికని తెనాలిలో మోటార్లు చుట్టే దుకాణంలో కూర్చున్నవాణ్ణి ఇంకా లేవలేదు.

అలాంటి నన్ను పట్టుకుని మా అక్క, ఇంజనీరింగు చదివిన మొగుడికి బుద్ధి చెప్పడానికి హైదరాబాదు రమ్మంది. డెబ్భైల నాటి మాట ఇది. మా బావ సూర్యం సర్కారు కొలువుకు సెలవు పెట్టి, శేరిలింగంపల్లి అవతల కొత్తగూడలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని స్టెబిలైజర్లు చేస్తున్నాడు. కరెంటు హెచ్చినా తగ్గినా అవతలికి సమంగా పంపే పెట్టెలు అవి. సెలవు ఆదివారంతో సరి. శనివారం ఒక సినిమా హాలు షావుకారు పెట్టె చూడడానికి వస్తున్నాడు. ఆయన కొంటే షెడ్డు ఉంటుంది, కొనకపోతే సోమవారం బావ ఆఫీసు కుర్చీలో ఉంటాడు. అక్కది కుర్చీ పక్షం.

శుక్రవారం రాత్రి తెనాలిలో రైలెక్కి తెల్లారి సికింద్రాబాదులో దిగాను. ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కానిచ్చి, ఎనిమిదింటికి వికారాబాదు వైపు ప్యాసింజరు పట్టుకున్నాను. వెళ్ళదలచినవారు కిటికీ పక్కన కూర్చోకండి, బొగ్గు నలుసులు టిక్కెట్టు లేకుండా కంట్లోకి ఎక్కుతాయి.

ఎదుటి సీటు పెద్దమనిషి అడిగాడు. "యాడికి పోతున్నవు?"

"కొత్తగూడ. అక్కడ మా బావ ఫ్యాక్టరీ ఉంది."

"ఆడ రాళ్ళు, అంగూర్ తోటలు తప్ప ఏమున్నయి? రాళ్ళ ఫ్యాక్టరీనా?"

లింగంపల్లిలో దిగి బస్సు సంగతి అడిగితే చాయ్ దుకాణాయన ఓపిగ్గా చెప్పాడు. "తొమ్మిది బస్సు పదింటికొస్తది. పది బస్సు రాదు." నేను బండలు మోసే లారీ ఎక్కి, బండలతో సమానంగా కుదుపులు తిని కొత్తగూడ చేరాను.

షెడ్డులో బావ కాలిపోయిన మోటార్ల నుంచి రాగితీగ విప్పుతున్నాడు. కొత్త తీగ ఏదని అడిగాను.

"దానికి పర్మిట్టు కావాలిరా. ఫ్యాక్టరీ నడుస్తుంటేనే పర్మిట్టు ఇస్తారు. తీగ ఉంటేనే ఫ్యాక్టరీ నడుస్తుంది."

అంత బిగువుగా నేను ఏ మోటారూ చుట్టలేదు. సర్కారుకు నమస్కారం పెట్టాను.

పర్మిట్టు రాకపోయినా బావ ఆగలేదు. చుట్టుపక్కల తోటల్లో వోల్టేజి చాలక బావి మోటార్లు కాలిపోతుంటాయి. వాటిని పాత ఇనుము ధరకు కొని, ఆ తీగకే మళ్ళీ నూలు చుట్టి పెట్టెల్లో వాడుతున్నాడు. అంటే పాడు కరెంటే ఆయనకు గిరాకీ తెస్తోంది, సరుకూ అదే సరఫరా చేస్తోంది. ఇంత నమ్మకమైన భాగస్వామి ఎవరికి దొరుకుతాడు?

ఆ భాగస్వామి శనివారమే మోసం చేశాడు.

మధ్యాహ్నం షావుకారు వచ్చాడు. బావ రెండు బల్బులు వెలిగించాడు, ఒకటి నేరుగా, ఒకటి పెట్టె మీదుగా. రెండూ కవలపిల్లల్లా వెలిగాయి. పక్క ఊళ్ళో ఆ రోజు మంత్రిగారి శంకుస్థాపన. పరిశ్రమలను ప్రోత్సహించడానికట. ఆయన మైకు గరగరలాడకూడదని పొద్దున్నుంచీ కరెంటు నిండుగా ఇస్తున్నారు. ఆ చుట్టుపక్కల ఉన్న ఒక్క పరిశ్రమా ఆ ప్రోత్సాహానికి మూతపడేలా ఉంది.

"రెండు ఒక్క తీరుగనే ఎలుగుతున్నయి గద సాబ్, మరి పెట్టె ఎందుకు?" అన్నాడు షావుకారు.

"ఇవాళ కరెంటు బాగుందండీ, అందుకని."

"బాగుంటె పెట్టె ఎందుకనే నేను గూడ అడుగుతున్న. మూడింటి బండికి పోవాలె నేను."

బావ ఆయన చేతిలో చాయ్ పెట్టి, నన్ను లాక్కుని పక్కనున్న మల్లయ్య ద్రాక్షతోటకు పరుగెత్తాడు. ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే వోల్టేజి పడిపోతుందని ఆయన లెక్క. మల్లయ్య పందిరి కింద నిలబడి అంతా విన్నాడు.

"ఏంది సారూ! కరెంట్ సక్కగొచ్చింది ఇయ్యాల ఒక్కనాడు. గది గూడ ఖరాబు చెయ్యమంటవా? మోటర్ కాలితే?"

"మా బావమరిది చుట్టి ఇస్తాడు. తెనాలిలో ఇతన్ని మించినవాడు లేడు."

బావ నన్ను పొగడడం అదే మొదలు. నన్ను అడగకుండా పొగిడాడు.

"ఇగ ఫికర్ లేదు. నువ్వు గా గుండెక్కి తువ్వాల ఊపు బిడ్డా. నేను జెప్పొస్త, అందరు ఏస్తరు," అన్నాడు మల్లయ్య నాతో.

గుండంటే ఏనుగంత బండరాయి. పాక్కుంటూ ఎక్కి, తోటలన్నిటికీ కనబడేలా తువ్వాలు ఊపాను. బావులన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. దిగి షెడ్డుకు వచ్చేసరికి నేరుగా ఉన్న బల్బు పండిన టమాటాలా ఎర్రబడి ఉంది. పెట్టె మీది బల్బు చలించలేదు.

షావుకారు చాయ్ కింద పెట్టి లేచాడు. "ఆఁ, గిది! గిది మా ఊరి కరెంట్!" పరదేశంలో సొంత తమ్ముడు కనిపించినట్టు ఆ ఎర్ర బల్బును చూసి మురిసిపోయాడు. "వోల్టేజ్ గిట్ల పడిందంటె మా హాల్ల హీరోయిన్ మొగగొంతుతోని పాడుతది సాబ్. మాకు రెండు పెట్టెలు, మా తమ్ముని హాలుకు రెండు."

అప్పుడే మల్లయ్య బావి వైపు నుంచి పొగ లేచింది. బావ నా వంక చూసి, గౌరవంగా కటింగ్ ప్లయరు అందించాడు.

ఆదివారం, సోమవారం ఆ మోటారు చుడుతూ గడిపాను. మల్లయ్య ఇంట్లో జొన్నరొట్టె, తోటలో ద్రాక్ష, కొత్తగూడలో భోజనానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు, కాకపోతే ముందు ఎవరిదైనా మోటారు కాల్చుకోవాలి. సోమవారం పొద్దున్న ఆఫీసులో కుర్చీ ఖాళీగానే ఉంది.

సాయంత్రం సికింద్రాబాదు స్టేషనుకు అక్క పులిహోర పొట్లంతో వచ్చింది. నన్ను పిలిపించింది ఎందుకు, నేను చేసింది ఏమిటి అని ముఖం ముడుచుకునే ఉంది. రైలు కదిలే ముందు కిటికీలోంచి ఓదార్చాను.

"దిగులు పడకక్కా. ఈ దేశంలో కరెంటు బాగుపడనంత కాలం బావకు ఢోకా లేదు. అది బాగుపడిన రోజున మాత్రం ఆయన ఎందుకూ పనికిరాడు."

అక్క పొట్లం నా చేతిలో పెట్టి అంది.

"ఆయన సంగతి సరేలేరా. మీ బడి కప్పే గట్టిదైతే, నువ్వింకా ఎనిమిదో తరగతిలోనే ఉండేవాడివి!"