రెండో వాత

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం. గిద్దలూరులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకున్న కొత్త. కొమరోలు వైపు పల్లె నుంచి మల్లేశ్వరి అనే అమ్మాయిని ఆమె భర్త ఆంజనేయులు, అత్త నారాయణమ్మ వెంటబెట్టుకుని వచ్చారు. గొర్రెల మంద ఉన్న కుటుంబం. ఆ అమ్మాయి చలికాలంలో పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు విప్పి చాలా రోజులైనా నొప్పి మాత్రం వదల్లేదు.

చెయ్యి కందిపోయి, వాచి, దగ్గరికి వెళ్తేనే వేడి తెలుస్తోంది. చీర కొంగు తగిలినా విలవిల్లాడిపోతోంది. మణికట్టుకు పైన, ఇంకా పచ్చిగా, కాల్చిన గుర్తు.

“ఇదేంది పెద్దమ్మా?” అన్నాను.

“వాతమ్మా. కుంటే గొర్రెకు మేం పెట్టేదే. గొర్రెకు తగ్గుద్ది, దీనికి తగ్గలా. ఆదివారం ఇంకోటి పెడదామంటే వీడు నీ కాడికి పట్టుకొచ్చినాడు,” అంది నారాయణమ్మ, కూరలో ఇంకాస్త ఉప్పు వేద్దామన్నంత తేలిగ్గా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద ఎంతో, కట్టు విప్పిన డాక్టరు మీద అంతకు రెట్టింపు. “ఎముక అతికింది, ఎక్స్‌రే క్లియర్, నొప్పంతా నీ మనసులోదే” అని పంపేశాడట. ఆ మాట ఊరు చేరేసరికి మల్లేశ్వరి పనిదొంగ అయిపోయింది. చదువుకున్నాయన నోరు జారితే, చదువులేని ఇంట్లో ఇనుప కడ్డీ ఎర్రగా కాలింది.

“అబద్ధం కాదక్కా,” అంది మల్లేశ్వరి. “లోపల నిప్పులు పోసినట్టుండాది. అరిస్తే నటన అంటారు. అరవకపోతే నొప్పి లేదంటారు. నేనేం జెయ్యాల?”

నాకు అనుమానం వచ్చిన జబ్బు పేరు సీఆర్‌పీఎస్. దెబ్బ మానినా నరాల వ్యవస్థలో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపూ మంటా, చల్లారదు. నరాల కొసలు వాపు పుట్టించే రసాయనాలు వదులుతూనే ఉంటాయి. వెన్నుపాము, మెదడు చిన్న స్పర్శను కూడా పెద్ద దెబ్బగా లెక్కగడతాయి. ఎక్స్‌రేకు ఎముక కనిపిస్తుంది గానీ ఈ గొడవ కనిపించదు. ఇదంతా నారాయణమ్మకు ఎట్లా చెప్పను?

“పెద్దమ్మా, మంద మీదికి తోడేలొస్తే మీ కుక్కలేం చేస్తాయి?”

“మొరుగుతాయి.”

“అది పోయినాక?”

“ఒక్కోసారి తెల్లార్లూ మొరుగుతానే ఉంటాయి. ఆకు కదిలినా మొరుగుతాయి.”

“దీని నరాలూ అట్లనే మొరుగుతున్నాయి. ఆ కుక్కని కర్రతో బాదితే ఊరుకుంటదా?”

ఆమె కోడలి చేతి వంక చూసింది.

“ఇంకా మొరుగుద్ది,” అంది.

“ఇంక కడ్డీ కాల్చేది లేదు, అమ్మా,” అన్నాడు ఆంజనేయులు.

ఒంగోలులో నరాల డాక్టరు అదే జబ్బని తేల్చి మందులు రాశాడు. నా వంతు డీసెన్సిటైజేషన్. అంటే ఆ చేతిని మొదట దూదితో, తర్వాత మెత్తటి పాత గుడ్డతో, చివరికి గరుకైన గొర్రె ఉన్నితో తాకిస్తూ నరాలకు భయం పోగొట్టడం. బాగున్న చెయ్యిని అద్దం ముందు కదిలించి, అందులో కనిపించే బొమ్మతో రెండోది కూడా హాయిగా కదులుతోందని మెదడును నమ్మించే మిర్రర్ థెరపీ కూడా చేయించాను. ఇంట్లో ఆ అద్దం పట్టుకున్నది నారాయణమ్మే. అయినా ఆమె మీద నా కోపం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను.

మళ్లీ చలికాలానికి మల్లేశ్వరి ఆ చేత్తో మందలోని మేక పాలు పితికింది. పిడికిలి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

నొప్పి అన్నవాళ్లని సాక్ష్యం చూపించమంటే నేనిప్పుడు అస్సలు సహించను, ఎదుట ఉన్నది డాక్టరైనా సరే. ఆ అమ్మాయిని అన్నాళ్లు ఏడిపించిన జబ్బు చర్మం మీద గుర్తేమీ మిగల్చకుండా పోయింది. ఆ చేతి మీద మిగిలిన మచ్చ ఒక్కటే. అది ఆమె మాట నమ్మనివాళ్లు పెట్టింది.