పీతకాళ్లూ, ఒక పావురమూ

ఆ రోజుల్లో ఢిల్లీలో పెళ్లికాని ఆడపిల్లకి ఉద్యోగం దొరకడం కంటే గది దొరకడం కష్టం. అందులో మేము నర్సులం, పైగా తెలుగువాళ్లం (అక్కడివాళ్ల లెక్కలో వింధ్య దాటితే అందరూ మద్రాసీలే). నైట్ డ్యూటీలని కొందరు, చర్చికి పోతారని కొందరు, చేపలు తింటారని మిగిలినవాళ్లు తలుపులు వేసేశారు. మొత్తానికి పదకొండు గుమ్మాలు ఎక్కి దిగాక, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక పంజాబీ ఆంటీ మా ముగ్గురికీ తన ఇంటి పైఅంతస్తు ఇచ్చారు. షరతు ఒక్కటే. "నేను ఉల్లిపాయ కూడా ముట్టను. చేప, మాంసం, గుడ్డు, ఏది కనబడినా ఆ రోజే మీ సామాను రోడ్డు మీద ఉంటుంది. సమ్‌ఝీ, బేటీ?" సమ్‌ఝీ అన్నాం, ముగ్గురం ఒకే గొంతుతో. ముగ్గురం గోదావరి నీళ్లు తాగి పెరిగినవాళ్లమే.

నెల రోజులు మాట మీద నిలబడ్డాం, అబద్ధమెందుకు. ఆ తర్వాత ఒక ఆదివారం మాలో పెద్దది, మేము పెద్దక్క అని పిలిచే నరసాపురం ఆవిడ, చర్చి నుంచి నేరుగా రాకుండా చేపల మార్కెట్టు మీదుగా వచ్చింది. సంచిలో బైబిలు పక్కనే పీతలు. "అయ్యబాబోయ్, ఇదేంటక్కా! గది పోద్ది!" అని గుండె బాదుకుంది మాలో చిన్నది. దాన్ని కాకినాడ అనేవాళ్లం. పెద్దక్క తొణకలేదు. "ఏసుప్రభువే చేపలు తిన్నాడే. ఆయనొస్తే ఆయన్నీ ఖాళీ చెయ్యమంటాదేంటి మీ ఆంటీ? చింతపండు నానెయ్యండి." ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆంటీ సత్సంగానికి వెళ్లేవారు. ఆవిడ తిరిగొచ్చేలోగా వండటం, తినడం, కడగడం, ఇంగువ వేయించడం, గదికి నాలుగు మూలలా అగరొత్తులు వెలిగించడం అయిపోవాలి. "ఆదివారం ఆదివారం ఎంత భక్తి ఈ పిల్లలకి!" అని ఆంటీ వీధిలో అందరికీ చెప్పుకునేవారు.

అసలు చిక్కు వాసనతో కాదు, ఎముకలతో వచ్చింది. రెండు అంతస్తుల చెత్తా గేటు దగ్గర ఒకే డబ్బాలో వేయాలి. అందులోంచి కూరగాయల తొక్కలు ఆంటీ స్వయంగా ఏరి ఆవుకి పెట్టేవారు. ఆవు తినే చోట చేపముల్లు కనబడిందంటే మా పని అయిపోయినట్టే. ఒకసారి పెద్దక్క ఆ మూటని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి బయల్దేరితే, బస్‌స్టాపు దాకా మూడు కుక్కలు వెంటపడ్డాయి. చివరికి నాకే ఒక తెలివైన ఆలోచన వచ్చింది (అవును, నాకే). లెట్రిన్‌లో వేసి రెండు బకెట్ల నీళ్లు కొడితే సరి. ఇంజెక్షన్ సూదిని ఎక్కడ పారేయాలో పరీక్షలో రాసి పాసైన నాకు, పీతకాలు ఎక్కడ పారేయకూడదో తెలియలేదు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఇక్కడ ఆంటీ భర్త, మా అంకుల్ గురించి చెప్పాలి. రైల్వేలో రిటైరయ్యారు, మాట తక్కువ. రోజూ సాయంత్రం షికారుకెళ్లి, చంకలో చుట్టిన పేపరుతో వచ్చి, తిన్నగా బాత్రూంలో దూరితే గంటకి గానీ బయటికి రారు. "నర్సులు కదా, ఆయన కడుపుకి ఏదైనా మందు చెప్పండి" అని ఆంటీ దిగులు పడితే, విరేచనం సాఫీగా అవడానికి ఇసబ్‌గోల్ పొట్టు రాసిచ్చాం. ఆయన పాపం రోజూ నోరుమూసుకుని తాగేవారు.

ఆ ఆదివారం సత్సంగం ఆంటీ ఇంట్లోనే. నాలుగింటికి నలభైమంది ఆడవాళ్లు వస్తారు. పదకొండింటికి కింద నుంచి ఒక కేక వినబడింది. పరిగెత్తి చూస్తే, కింది బాత్రూంలో నీళ్లు దిగడం మానేసి పైకి ఉబుకుతున్నాయి. వాసన సంగతి చెప్పను, భోజనం చేస్తున్నవాళ్లు ఎవరైనా చదువుతుండొచ్చు. మురుగు దేవుడి గది గడప దాకా వచ్చేసింది. అడ్డంగా పాత చీరలు వేసి ఆంటీ ఏడుస్తున్నారు. మేము బకెట్లు పట్టాం. సహాయానికి మమ్మల్ని మెచ్చుకుంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే, నేను తలెత్తకుండా నీళ్లు తోడాను.

సందు చివరి నుంచి, మురుగు పైపులు శుభ్రం చేసే సఫాయీ భయ్యాని పిలిపించారు. ఆయన పెరట్లో మ్యాన్‌హోల్ మూత లేపి, వెదురుబద్దలు ఒకదానికొకటి కట్టుకుంటూ పైపులోకి తోశాడు. రెండు అంతస్తుల పైపులూ కలిసేది అక్కడే. నాలుగోసారి లాగేసరికి ఎర్రటి పెంకు ఒకటి బయటికొచ్చి గచ్చు మీద పడింది. ఆంటీ పుట్టి బుద్ధెరిగి పీతని చూడలేదు. "యే క్యా హై?" కాకినాడ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను గొంతు సవరించుకుని, "అది మా వైపు దొరికే ఒక కాయ పెంకు, ఆంటీ. పులుసులో వేస్తాం" అన్నాను. "ఇంత గట్టిగా ఉందేం?" "బాగా ఉడకాలాంటీ." "అచ్ఛా" అన్నారావిడ, వంటలు తెలిసిన మనిషిలా తలూపి.

బతికాం అనుకునేలోగా తర్వాతి బద్దతోపాటు ఎముకలు వచ్చాయి. చిన్నవి కావు, ఇంతింత కాలి ఎముకలు, గుప్పెడు! మేము ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. కోడిని మేమెన్నడూ ఆ ఇంట్లో వండలేదు, ఒట్టు. అప్పుడు చూశాను, ఆంటీ వెనకాల అంకుల్ రెండు చేతులూ జోడించి నావైపు చూస్తూ నిలబడి ఉన్నారు. పేపరు చుట్టలో ఏమొచ్చేదో, గంటసేపు లోపల ఏం జరిగేదో నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఇసబ్‌గోల్ గుర్తొచ్చి, ఆ భయంలోనూ నవ్వు ఆపుకోలేక చచ్చాను.

"నువ్వు ఎముకల చదువు చదివావు కదా. చెప్పు, ఇది దేనిది?" ఆంటీ నన్నే అడిగారు. కోడి అంటే ఎవరు తిన్నారన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న పైఅంతస్తుకే వస్తుంది. సాయంత్రానికి మా ట్రంకుపెట్టెలు రోడ్డు మీద ఉంటాయి. పెద్దక్క వెనక నుంచి నా నడుం గిల్లింది. డాబా మీద మూత ఊడిపోయిన మురుగుపైపు గాలిగొట్టం కళ్లముందు మెదిలింది. "పావురం, ఆంటీ. పై నుంచి గొట్టంలో పడినట్టుంది."

"ఇంత పెద్ద పావురమా?"

"మీరు రోజూ డాబా మీద గింజలు వేస్తారు కదాంటీ. బాగా బలిసింది."

సఫాయీ భయ్యా ఎముకని తిప్పి చూసి, నన్ను చూసి, అంకుల్‌ని చూశాడు. "హాఁ బీబీజీ, కబూతరే" అని పావురమేనని తేల్చేశాడు. కానీ నేను ఆయన చేతుల మీద నీళ్లు పోస్తుంటే మాత్రం మెల్లగా, "దీదీ, ఈ పావురం ముందు తందూర్‌లో పడింది, తర్వాతే పైపులో పడింది. ఇకమీదట సంచిలో కట్టి వీధి చివరి డబ్బాలో వేయండి" అన్నాడు. మేము దాక్కుని తిన్నదంతా ఆ మనిషి చేతులతో తీయాల్సి వచ్చింది. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

తన గింజలు తిన్న పక్షి తన గొట్టంలోనే చచ్చిపోయిందని ఆంటీ కుమిలిపోయారు. నాలుగింటికి నలభైమందీ కలిసి ఆ పావురం ఆత్మశాంతికి భజన చేశారు. మేము ముగ్గురం, అంకుల్, వెనక వరసలో తలలు వంచుకుని కూర్చున్నాం. అంత వైభవంగా వీడ్కోలు అందుకున్న తందూరీ కోడి ఢిల్లీలో ఇంకొకటి ఉండదు. మర్నాటి నుంచి అంకుల్ షికారుకి వెళ్తూ మెట్ల కింద నిలబడి దగ్గేవారు. మేము మా ఎముకల సంచి అందించేవాళ్లం.

రెండేళ్లకి నాకు నోయిడాలో వేరే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. బయల్దేరేటప్పుడు ఆంటీ నన్ను పట్టుకుని ఏడ్చారు. "ఎందరో అద్దెకున్నారు, బేటీ. ఇంకొకరైతే మొహమాటపడి ఏదో చెప్పి తప్పించుకునేవాళ్లు. నా గింజల వల్లే పోయిందని మొహం మీద నిజం చెప్పింది నువ్వొక్కదానివే." చెప్పేద్దామని నోరు తెరిచాను. కాకినాడ, పెద్దక్క ఇంకా ఆ పైఅంతస్తులోనే ఉన్నారు. నేనూ ఏడ్చాను. ఆవిడ నా ఏడుపు చూసి ఇంకా గట్టిగా హత్తుకున్నారు.

ఇప్పుడు కొత్త నర్సులకి పాఠం చెబుతున్నాను. చూసింది చూసినట్టే రాయాలి అని చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది, పిల్లలు ఏసీ చప్పుడుకి వినబడలేదనుకుంటారు. ఆ ఇరవై మూడేళ్ల పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, గది కోసం అది ఎన్ని తిప్పలు పడిందని. ఒక్కోసారి మాత్రం అనిపిస్తుంది, నిజం చెప్పి ఉంటే ఆంటీ తిట్టి, ఏడ్చి, చివరికి నవ్వేసేవారేమోనని. ఆ అవకాశం ఆవిడకి నేను ఇవ్వలేదు.