ఎడమ మూల మెలిక

మా ఎదురింటి అమ్మాయి మొన్న తలుపు ముందు ప్లాస్టిక్ ముగ్గు ఒకటి అంటించింది. వెనక కాగితం ఊడదీసి నేలకు అద్దితే సరి, ఏళ్ల తరబడి చెక్కుచెదరదట. లిఫ్టు కోసం నిలబడిన కాసేపట్లో నా కళ్లు పాత అలవాటు కొద్దీ ఆ గీత వెంట పడ్డాయి. చుక్కల చుట్టూ మెలికలు తిరుగుతూ పోయి, సగం ముగ్గయినా చుట్టకుండానే బయలుదేరిన చోటికి వచ్చేశాయి. అంటే ఒకే గీతగా సాగాల్సిన మెలికల ముగ్గు అక్కడ రెండు గీతలైపోయిందన్నమాట. అదే తప్పు నేనూ ఒకప్పుడు రేపల్లెలో, అదీ ఎంతో గర్వంగా, చేసినదాన్నే.

తొంభైల మొదట్లో బాపట్లలో చదువు ముగించుకుని, ఒకరి కింద పనిచేయడం నా వల్ల కాదని తేల్చుకుని, తెనాలిలో ఒక మేడమీది గది అద్దెకు తీసుకుని సొంతంగా ప్రోగ్రాములు రాస్తూ ఉండేదాన్ని. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. నేను లెక్కల ప్రోగ్రాము రాసిచ్చిన చెరుకుపల్లి మిల్లు యజమాని అయితే నేను చూడకుండా దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టేశాడు. రాసినవన్నీ దాచుకునే ఫ్లాపీలను దుమ్ము పడకుండా స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సుల్లో తిరిగేదాన్ని. మిల్లు పనీ, బడుల మార్కుల జాబితాలూ బతకడానికి. పని లేనప్పుడు నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలతో చినుకులు కురిపించడం, వరిచేను గాలికి ఊగించడం నా పిచ్చి. ఎవరికీ అక్కర్లేని ఆ పని చేస్తూ ఎన్ని మధ్యాహ్నాలు అన్నం సంగతి మరిచిపోయానో. అంత హాయి మళ్లీ ఏ పనిలోనూ దొరకలేదు.

రేపల్లెలో ఉండే పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, ముగ్గులకు పెట్టింది పేరు. పెళ్లివారు మనిషిని పంపి మరీ పిలిపించుకునేవారు. అన్నిటిలోకీ పెద్దది, ఆమె అత్తగారు నేర్పిన మెలికల ముగ్గు. ఒక చుక్క దగ్గర పిండి వదలడం మొదలుపెడితే, చెయ్యి ఎత్తకుండా చుక్కలన్నిటినీ చుట్టి, మళ్లీ ఆ చుక్క దగ్గరికే చేరేది. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలని ఎంతో చూసింది కానీ నా కాలు ఒకచోట నిలిస్తేగా! తరవాత పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. ఆ ఇంటి కోడలు, మా వదిన, పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తుంటే పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకునేదట. అత్తగారి ముగ్గు తనతోనే పోతుందని ఆమె దిగులు. వదినకు నోటితో చెప్పి వేయించబోయింది కానీ, ఒక్క మెలిక తప్పితే చెరిపి మళ్లీ మొదటినుంచి రావాలి, ఇంటిచాకిరీ మధ్య పాపం ఆవిడకు ఓపిక ఉండేది కాదు. తెర మీదయితే ఒక మీట నొక్కితే తప్పు పోతుంది కదా అని నాకు తోచింది.

తోచిందే తడవు, కంప్యూటరు పెట్టెను కాళ్ల దగ్గర, దుప్పటి చుట్టిన మానిటరును ఒళ్లో పెట్టుకుని తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. ఎదురుగా కూర్చున్న ఒకావిడ అది టీవీ అనుకుని, ఆదివారం సినిమా బొమ్మ స్పష్టంగా పడుతుందా అని అడిగింది. కిటికీలో పచ్చటి చేలు వెనక్కి జారిపోతుంటే, ఆ మానిటరును పసిబిడ్డలా పొదువుకుని కూర్చున్న నన్ను తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది.

రేపల్లె చేరాక నా తెలివి చూపించాను. ముగ్గు నాలుగు పక్కలా ఒకేలా ఉంటుంది కదా, పెద్దమ్మను ఎందుకు శ్రమ పెట్టాలని కుడివైపు పావు భాగం మాత్రం చెప్పించుకుని, మిగతా మూడు భాగాలూ కంప్యూటరు చేతే అచ్చుగుద్దినట్టు వేయించాను. తెర నిండా ముగ్గు విచ్చుకుంటే వదిన చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ మాత్రం ఎడమచేతి చూపుడు వేలు తెర మీద ఆనించి, గీత వెంబడి నెమ్మదిగా పోనిచ్చి, ఒకచోట ఆగిపోయింది.

“బానే ఉందే అమ్మాయ్, కానీ నా వేలు అప్పుడే ఇంటికొచ్చేసిందేంటి? మిగతాదెవరు తిరుగుతారు?”

ఎడమ మూలకు వచ్చేసరికి ఆమె అత్తగారు గీతను బయటికి పోనివ్వకుండా లోపలికి తిప్పేదట. ఆ ఒక్క మూల మిగతా మూడింటిలా ఉండదు, అందుకే ముగ్గంతా ఒకే గీతగా సాగుతుంది. సిగ్గుతో తల వంచుకుని అంతా చెరిపేసి, గీత ఒక్కొక్క చుక్కే నడిచేలా ప్రోగ్రాము మళ్లీ రాశాను. పెద్దమ్మ కళ్లు మూసుకుని, దుప్పటి మీద ఎడమచేతి వేలు ఆడిస్తూ చెబుతూ పోయింది. మధ్యలో కరెంటు పోయి, దాచుకోని పనంతా పోయింది. నాకు ఏడుపొచ్చింది కానీ ఆమె విసుక్కోలేదు, మొదటినుంచి మళ్లీ చెప్పింది. పొద్దువాలే వేళకు గీత ఎడమ మూలలో లోపలికి తిరిగి, మిగిలిన చుక్కలన్నీ చుట్టి, మొదటి చుక్కను తాకింది. పెద్దమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ వెయ్యమంది, మళ్లీ మళ్లీ చూసింది. ఆ మర్నాటినుంచి గోడవైపు తిరగడం మానేసిందని వదిన ఉత్తరం రాసింది.

ఆ సాయంత్రం నేను సామాను సర్దుకుంటుంటే పెద్దమ్మ సుద్దముక్క ఒకటి నా చేతిలో పెట్టింది.

“నువ్వూ ఒకసారి కింద వేసి చూడమ్మా, చేతికొస్తుంది.”

“ఇందులో ఉందిగా పెద్దమ్మా, ఇక ఎక్కడికీ పోదు,” అంటూ టిఫిన్ డబ్బా తట్టి చూపించాను. రైలు వేళవుతోందని నా తొందర నాది.

పెద్దమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ డబ్బా ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మూత తీస్తే ఫ్లాపీల మీద సన్నగా బూజు. వాటిని చదివే యంత్రం కోసం ఎన్ని దుకాణాలు తిరిగానో. ఒకచోట సంపాదించి పెట్టి చూస్తే కరకరమని తిరిగి ఆగిపోయింది, ముగ్గు రాలేదు. ఇప్పుడు ఫోటోలూ పాటలూ ఎక్కడెక్కడో దాచుకుని అన్నీ ఉన్నాయిలే అని నిద్రపోతున్న వాళ్లను చూస్తే, ఆనాటి నా ధీమా గుర్తొచ్చి దిగులేస్తుంది.

మొన్న ఆ ప్లాస్టిక్ ముగ్గు చూసి లోపలికొచ్చి, బాల్కనీలో సుద్దముక్కతో చుక్కలు పెట్టాను. పావు భాగం వచ్చింది, మూడు మూలలూ వచ్చాయి, ఎడమ మూలలో గీతను లోపలికి తిప్పాను కూడా. ఆ తరవాత ఎటు వెళ్లాలో నా చేతికి తెలియలేదు. పెద్దమ్మ తనతో పోతుందని భయపడిన ముగ్గు, ఎక్కడికీ పోదని మాటిచ్చిన నా దగ్గరికి వచ్చాకే పోయింది. చెరపబుద్ధి కాక, గీతను అక్కడే వదిలేశాను.