పైడమ్మ లెక్క

రైల్వే గేటు డ్యూటీ చేసి రిటైరైన పైడమ్మకు డాలరుకెన్ని జపాను యెన్లన్న లెక్కతో ఏం పని? నాకిప్పటికీ తెలియదు. రోజూ బిలాస్‌పూర్ స్టేషన్ బయట హిందీ పేపరు పరుచుకుని, ఆ అంకె మీద బొటనవేలు ఆనించి, పెదవులు కదుపుతూ చదువుతుంది. మొన్న మా తెలుగువాళ్ళ సభలో బ్యాంకు ఆఫీసరు విశ్వనాథం, "డాలరుకు నూటనలభై యెన్లుండేవి, నూటయాభై అయ్యాయి. యెన్ బలపడింది" అన్నాడు. పైడమ్మ లేచింది. "బలపడ్డమేటి బాబూ? నూటనలభైకొచ్చే కేజీ చేప నూటయాభై అయితే, నీ రూపాయి బలిసినట్టా?" హాలంతా నవ్వింది. ఆయన ముఖం ఎర్రబడింది. "కూర్చో ముసలమ్మా! డాలరు ఎప్పుడైనా చూశావా?" పైడమ్మ కూర్చోలేదు. "రాజధాని బండి ఏనాడూ ఎక్కలేదు. ముప్ఫై ఏళ్ళు దానికి జెండా ఊపినాను, అచ్ఛా?" అని, చెప్పులు తొడుక్కుని, ఎవరితోనూ వెళ్ళొస్తానైనా అనకుండా వెళ్ళిపోయింది.