పది నిమిషాల గడువు

కర్నూలు పాత బస్టాండు వెనక తేజేశ్వర్ గారి పార్శిల్ సర్వీసు ఉండేది. ఆ సర్వీసును నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం రాసింది ఒక్క మనిషి. హైదరాబాదు నుంచి టై కట్టుకుని దిగిన ఇంజనీరేమీ కాదు. పత్తికొండ దగ్గరి పల్లెలో కూలికి పోయే భీమమ్మ కూతురు సుజన. పాలిటెక్నిక్ చదివి, ఒక కంప్యూటర్ సెంటర్లో ఆరు నెలలు జావా నేర్చుకుని, 2003లో ఈ పని తలకెత్తుకుంది. గొప్పగా చెప్పుకోవలసిన సంగతే, దాచుకునేదేముంది?

నంద్యాల, ఆత్మకూరు, ప్రొద్దుటూరు, కడప బ్రాంచీలు ఫోన్ లైను మీదుగా కర్నూలు సర్వర్‌కు కలిసేవి. పొద్దున్నుంచి వచ్చిన మూటలను ఒక్కొక్కటే లిస్టులో ఎక్కిస్తూ పోయి, మధ్యాహ్నం లారీ కదిలే ముందు ఆ లిస్టు ముగించాలి. మూడు నెలలు సాఫీగా జరిగింది. నాలుగో నెలలో ఆత్మకూరు లిస్టు మాయం కావడం మొదలైంది. ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. యాభై మూటలు ఎక్కించాక, అలాంటి వస్తువేదీ లేదని తెర మీద ఒక్క ముక్క కనబడుతుంది. మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాలి. లారీ నిలబడిపోతుంది. మిగతా మూడు బ్రాంచీల్లో ఈ గొడవే లేదు.

"సోమవారం దాకా చూస్తా, సుజనా," అన్నాడు తేజేశ్వర్ గురువారం సాయంత్రం. "అప్పటికీ ఇట్లే ఉంటే ఇదంతా పీకేసి హైదరాబాదు కంపెనీని పిలుస్తా. నీ మీద కోపం లేదు. నా లారీలు ఎన్నాళ్లని నిలబడతాయి?"

ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. తన చేత్తో అక్షరం అక్షరం రాసింది చెత్తబుట్టలో పడుతుందన్నదే ఆమె బాధ. పల్లె పిల్ల చేతికిస్తే ఇంతే అని రేపు నలుగురూ అంటారు. ఆ మాట పడటం ఆమెవల్ల కాదు.

శుక్రవారం మొదటి బస్సుకే ఆత్మకూరు వెళ్లింది. అక్కడ బ్రాంచి చూసేది రామకోటయ్య శెట్టి. అరవై దాటిన వ్యాపారి, మాట మెత్తన. సుజన ఆయన వెనకే స్టూలు వేసుకుని కదలకుండా కూర్చుంది. పది దాటినా ఏమీ కాలేదు. సరిగ్గా పదకొండు కొట్టగానే శెట్టిగారు మోడెం నుంచి లైను పీకి, నిదానంగా ఫోనుకు తగిలించాడు.

"ఏమప్పా రంగన్నా, అంతా బాగుండారా? చిన్నపాపకు జ్వరం తగ్గెనా? మీ అత్తమ్మ మోకాళ్లు ఎట్లుండాయి?"

రంగన్న ఆదోని మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు. పత్తి సీజను మొదలైనప్పటి నుంచి శెట్టిగారు రోజూ ఈ వేళకు ధర అడుగుతాడు. ఎత్తగానే ధర అడగడం ఆయనకు చేతకాదు. ఇంట్లో ఒక్కొక్కరి క్షేమం పేరుపేరునా కనుక్కున్నాకే బేరం సంగతి. ఆరోజు పద్నాలుగు నిమిషాలు పట్టింది. లైను మళ్లీ మోడెంకు తగిలించి కూర్చుంటే, లిస్టు లేదు.

"శెట్టిగారూ, ఇట్ల రోజూ తీస్తాండారా?"

"తీస్తానమ్మా, ఉండేది ఒకే లైను కదా. మళ్లా పెట్టేస్తాండా గదా! స్విచ్చి ఆపి వేస్తే లైటు రాదా ఏమి?"

సుజనకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆత్మకూరు తెర మీద కనబడే లిస్టు నిజానికి ఉండేది కర్నూలు సర్వర్‌లో. ఇక్కడి కంప్యూటర్ దగ్గర ఉన్నది దాని చిరునామా మాత్రమే. ఆ లిస్టు తనకింకా కావాలని ఇది ఐదేసి నిమిషాలకు కబురు పంపుతుంటుంది. పది నిమిషాలు కబురు రాకపోతే, ఎవరికీ అక్కర్లేదనుకుని సర్వర్ దాన్ని చెత్త కింద ఊడ్చేస్తుంది. రంగన్న ఇంట్లో అందరూ కులాసాగా ఉన్న రోజున లిస్టు బతుకుతోంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేని రోజున పోతోంది.

సంగతి వినగానే శెట్టిగారి మొహం చిన్నబోయింది. "నావల్ల నీకు మాటొచ్చెనా తల్లీ? రేపట్నుంచి ఎస్టీడీ బూత్‌కు పోతాలే."

వద్దంది సుజన. మనుషులు నోరు కట్టుకుంటే తప్ప నడవని ప్రోగ్రామ్ కూడా ఒక ప్రోగ్రామేనా? ఆ పది నిమిషాల గడువును ఒక రోజుకు పెంచడం చిటికెలో పని. కానీ కరెంటు పోయి మధ్యలో ఆగిన లిస్టులన్నీ అలాగే పేరుకుపోయి సర్వర్ మొరాయిస్తుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తుంటే తమ ఊరి బోరు గుర్తొచ్చింది. బిందె వరుసలో పెట్టి పనికి పోయినవాళ్ల వంతు వస్తే, తల్లి భీమమ్మ ఆ బిందెను విసిరేసేది కాదు, దారికి అడ్డంగా ఉంచేదీ కాదు. పక్కకు పెట్టి ఎవరిదో గుర్తుంచుకునేది. మనిషి తిరిగి రాగానే వంతు ఇప్పించేది. పొద్దుగూకినా ఎవరూ రాకపోతే అప్పుడు బోర్లించేది. ఏ ఇంజనీరు చెప్పాడమ్మా ఆమెకు!

శనివారమంతా కూర్చుని అదే రాసింది. కబుర్లు ఆగిపోయిన లిస్టును సర్వర్ ఊడ్చేయకుండా, బ్రాంచి పేరు మీద పక్కన పెడుతుంది. బ్రాంచి తిరిగొచ్చి తన లిస్టేదని అడిగితే ఇచ్చేస్తుంది. లిస్టు ముగిశాకో, సాయంత్రం కొట్టు మూశాకో మాత్రమే చెత్తలోకి. ఆదివారం తానే ఆత్మకూరు పోయి అక్కడి కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించింది. "రేపు ఎప్పటిమాదిరే మాట్లాడండి శెట్టిగారూ, ఏమీ తగ్గించొద్దు," అని గట్టిగా చెప్పి వచ్చింది.

సోమవారం పదకొండుకు ఆత్మకూరు లైను పోయింది. తేజేశ్వర్ ఆమె కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పది నిమిషాలు దాటాక సర్వర్ తెర మీద ఒక వరుస పడింది: ఆత్మకూరు, నలభై ఏడు మూటలు, పక్కన పెట్టినవి. పదకొండున్నర అయింది. అలికిడి లేదు. పదకొండూ ముప్పై ఐదుకు లైను కలిసింది. నలభై ఏడు మూటలూ చెక్కుచెదరకుండా లేచి వచ్చాయి, వాటి కింద నలభై ఎనిమిదో మూట ఎక్కింది.

తేజేశ్వర్ నోరు తెరవబోయేంతలో ఆత్మకూరు మళ్లీ పోయింది. ఆ వెంటనే బల్ల మీద ఫోను మోగింది.

"వచ్చిందమ్మా! ఉండేది ఉన్నట్టే ఉండాది!" శెట్టిగారి గొంతు గదంతా వినబడింది. "శానా సంతోషం తల్లీ. నీకు చెప్పల్లనే మళ్లా లైను పీకినా!"

తేజేశ్వర్ తల పట్టుకున్నాడు. "పెట్టేయమని చెప్పు సుజనా, లిస్టు ఇంకా ముగియలేదు."

"మాట్లాడనీండి సార్, ఏం కాదు," అంది సుజన. కుర్చీలో వెనక్కి వాలి, రిసీవర్ చెవికి సర్దుకుంది. "చెప్పండి శెట్టిగారూ. రంగన్న వాళ్లింట్లో అంతా బాగుండారా?"